క్వాంటమ్ కంప్యూటింగ్: ముందు పెన్నూ కాగితం, తర్వాతే లింకులు

అమరావతి క్వాంటమ్ వ్యాలీలో ఐబీఎం 156 క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ పెడుతుందని 2025 మేలో ప్రకటన వచ్చింది. అప్పటి నుంచి బీటెక్ విద్యార్థుల్లో ఒకటే ప్రశ్న: 'క్వాంటమ్ ఎక్కడ మొదలుపెట్టాలి?' అడిగితే చాలు, వాట్సాప్ గ్రూపులో యాభై లింకులు వచ్చి పడతాయి. వాటిని సేవ్ చేసుకోవడం సులభం, ఒక్కటి పూర్తిచేయడమే కష్టం. మీకు కావలసింది ఒక్క మంచి కోర్సు, అది మంచిదో కాదో తేల్చుకునే గీటురాయి.

ఆ గీటురాయి మీ దగ్గరే ఉంది. ఇంటర్లో ఎంపీసీ చదివినవారికి మాత్రికలు, సదిశలు, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత వచ్చే ఉంటాయి. ఎంసెట్ బిట్ల కోసం బట్టీపట్టి వదిలేసిన ఆ అధ్యాయాలే ఇక్కడ పునాది.

ఒక లెక్క చేసి చూడండి. క్యూబిట్ సున్నా స్థితిని నిలువు వరుసగా రాయండి: పైన 1, కింద 0. హడమార్డ్ గేట్ అంటే రెండు అడ్డు వరుసల మాత్రిక: పై వరుసలో 1, 1, కింది వరుసలో 1, -1, మొత్తాన్ని √2తో భాగించాలి. గుణిస్తే పైనా కిందా 1/√2 వస్తుంది. దాని వర్గం 1/2. అంటే కొలిస్తే 0 రావడానికీ 1 రావడానికీ సమాన అవకాశం, బొమ్మా బొరుసూ వేసినట్టే. ఇప్పుడు కొలవకుండా అదే గేట్‌ను మళ్లీ వేయండి. పైన 1, కింద 0. మొదటికే వచ్చేశాం! నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఇలా జరగదు. మాత్రికలోని ఆ మైనస్ గుర్తు 1 వచ్చే అవకాశాన్ని కొట్టేసింది. క్వాంటమ్ అల్గారిదమ్‌ల బలమంతా ఈ కొట్టివేతలోనే ఉంది.

మొదటి వారంలోనే మీ చేత ఈ లెక్క చేయించే కోర్సు మంచిది. 'క్యూబిట్ ఒకేసారి 0, 1 రెండూ, కాబట్టి అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నించి సరైనది చెప్పేస్తుంది' అనే వీడియో కనిపిస్తే కట్టేయండి. కొలిచినప్పుడు దక్కేది ఒక్క జవాబే. తప్పు జవాబులను ఎలా రద్దు చేయాలన్నదే అసలు విద్య.

ఈ పరీక్షకు నిలబడే వాటిలో నా మొదటి ఓటు ఐబీఎం సైట్లో జాన్ వాట్రస్ చెప్పే ఉచిత పాఠాలకు. మామూలు బిట్లతో, సంభావ్యతతో మొదలుపెట్టి క్వాంటమ్‌లోకి తీసుకెళతారు. వీడియోతో పాటు రాతపాఠమూ ఉంటుంది. మన అధ్యాపకుల పద్ధతిలో వినాలంటే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్, ఐబీఎం కలిసి చేసిన కోర్సు ఉంది. నీల్సన్, చువాంగ్ రాసిన లావుపాటి పాఠ్యపుస్తకం 2000లో వచ్చింది, ఇప్పటికీ ప్రామాణికమే. కానీ దాంతో మొదలుపెట్టకండి. రెండో ఏడాదికి దాచుకోండి.

చేత్తో చేసిన లెక్కను క్వర్క్ అనే సిమ్యులేటర్‌లో సరిచూసుకోవచ్చు. బ్రౌజర్లోనే గేట్లను లాగి పెడితే చాలు, ఇన్‌స్టాలేషన్ గొడవ లేదు. ఆ తర్వాత క్వాంటమ్ ప్రోగ్రాములు రాసే ఐబీఎం పైథాన్ టూల్‌కిట్, కిస్కిట్. ఇక్కడే చాలామంది మొదటి రోజే ఆగిపోతారు. 2024లో కిస్కిట్ 1.0 వచ్చినప్పుడు ఎగ్జిక్యూట్ అనే ఫంక్షన్ తీసేశారు. యూట్యూబ్‌లోని పాత పాఠాలు దాన్నే వాడతాయి, మీరు టైప్ చేయగానే ఇంపోర్ట్ ఎర్రర్ వస్తుంది. తప్పు మీది కాదు, వీడియో తేదీది. కోడ్ పాఠం ఏదైనా ముందు తేదీ చూడండి.

ఇక ఉద్యోగాల మాట. క్యూబిట్లు తయారుచేసే హార్డ్‌వేర్ పనికి సాధారణంగా ఫిజిక్స్‌లోనో ఎలక్ట్రానిక్స్‌లోనో పీహెచ్‌డీ స్థాయి చదువు అడుగుతారు. సాఫ్ట్‌వేర్ వైపు పైథాన్, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా ఉన్నవారికి దారి కొంత తేలిక. అయినా ఐటీలోలా వేలల్లో ఖాళీలు ఉంటాయనుకోవద్దు. కేంద్రం 2023 ఏప్రిల్‌లో రూ.6,003.65 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. అది 2030-31 వరకూ సాగే పరిశోధన కార్యక్రమం. అందుకే 'మూడు నెలల్లో క్వాంటమ్ జాబ్ గ్యారంటీ' అని ఫీజు అడిగేవారికి దూరంగా ఉండండి. పైన చెప్పిన కోర్సులకు పాఠాల ఫీజే లేదు.

రెజ్యూమెలో పది సర్టిఫికెట్ల కన్నా ఒక్క కోడ్ నోట్‌బుక్ మేలు. రెండు క్యూబిట్లను హడమార్డ్, సీనాట్ (మొదటి క్యూబిట్ 1 అయితే రెండోదాన్ని తిప్పేది) గేట్లతో చిక్కుముడి (ఎంటాంగిల్‌మెంట్) వేసి సిమ్యులేటర్‌లో వెయ్యిసార్లు నడపండి. 00, 11 మాత్రమే, దాదాపు సగం సగం వస్తాయి. అదే సర్క్యూట్‌ను ఐబీఎం ఉచిత ఖాతాతో అసలు యంత్రం మీద నడిపితే 01, 10 కూడా కొన్ని తొంగిచూస్తాయి. అవి యంత్రం చేసే పొరపాట్లు. అవి ఎందుకు వచ్చాయో మీ మాటల్లో ఒక పేజీ రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే.

ఎన్‌పీటెల్ సెమిస్టర్లు జనవరిలో, జులైలో మొదలవుతాయి. ఈసారి జాబితాలో క్వాంటమ్ కోర్సు ఉందేమో ఇవాళే చూసుకోండి. నమోదు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు.