గోధుమ తెచ్చే దురద: మాత్రతో పాటు రక్తపరీక్ష కూడా

అండమాన్ నికోబార్ దీవుల్లో దురద ఎవరికీ వింత కాదు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, ఆరని బట్టలు, చెమట, సముద్రపు ఒడ్డున ఇసుక ఈగలు. చెమటకాయలు, తామర, గజ్జి ఇక్కడ మామూలు మాటలు. అందుకే ఒళ్లు దురద పెడుతుందంటే మందుల దుకాణంలో ఒక ట్యూబు కొనుక్కుని రాసుకోవడం అలవాటైపోయింది. చాలాసార్లు అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు ఉపశమనం కలుగుతుంది, మళ్లీ మొదలవుతుంది.

అయితే కొందరిలో ఈ దురదకు ఒక పద్ధతి కనిపిస్తుంది. రెండు మోచేతుల మీద, రెండు మోకాళ్ల మీద, పిరుదుల మీద, వీపు పైభాగాన, ఒక్కోసారి తలలో కూడా, కుడి ఎడమలు ఒకేలా, చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి. పొక్కు కంటికి కనబడకముందే మంట, దురద మొదలవుతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి గోకి గోకి పొక్కులన్నీ చితికిపోయి, గాట్లూ పొలుసులూ మాత్రమే మిగులుతాయి. దీని పేరు డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్. పేరులో హెర్పిస్ ఉన్నా ఆ వైరస్‌తో దీనికి సంబంధం లేదు. పొక్కులు గుంపుగా ఉంటాయని 1884లో అమెరికా చర్మవైద్యుడు లూయీ డూరింగ్ పెట్టిన పేరు అది. ఇది అంటువ్యాధి కాదు.

దీనికి మూలం చర్మంలో కాదు, పేగులో ఉంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్‌ను కొందరి రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా లెక్కిస్తుంది. సీలియాక్ వ్యాధిలో పేగు లోపలి పొర దెబ్బతినేది ఇందువల్లే. అదే వ్యాధి చర్మం మీద చూపే రూపం మనం చెప్పుకుంటున్న దురద. పేగులో మొదలైన ఈ గొడవలో పుట్టిన ఐజీఏ అనే యాంటీబాడీలు చర్మం పైపొర కింద చుక్కలు చుక్కలుగా పేరుకుంటాయి. ఈ సంగతిని 1969లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డెర్ మీర్ చూపించారు. ఆ యాంటీబాడీల గురి చర్మంలోని ట్రాన్స్‌గ్లుటమినేజ్-3 అనే ఎంజైమ్ మీద అని 2002లో తేలింది. విచిత్రమేమిటంటే, ఈ రోగుల్లో చాలామందికి విరేచనాలు, కడుపునొప్పి లాంటివేవీ ఉండవు. అందుకే తిండి మీద అనుమానం రాదు.

అన్నం తినే మనకు గోధుమ జబ్బు ఏమిటని అడగొచ్చు. దేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. కానీ ఈ వ్యాధికి కావలసిన జన్యువులు మాత్రం రెండు చోట్లా మూడోవంతు మందికి పైగానే ఉన్నాయి. తేడా కంచంలో ఉంది: ఉత్తరాదిలో పరీక్షించినవారు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే, దక్షిణాదివారు 25 గ్రాములు తిన్నారు. తేడాకంతటికీ గోధుమే కారణమని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం గానీ, జన్యువు మన దగ్గరా ఉందన్నది మాత్రం స్పష్టం. అండమాన్‌లో బెంగాలీలు, తమిళులు, రాంచీ వైపు నుంచి వచ్చినవారు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన మనవాళ్లు పక్కపక్క ఇళ్లలో ఉంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. పక్కింటి పూరీ మనింట్లోకి రావడానికి ఎంతసేపు పడుతుంది? దానికి తోడు షుగర్ వచ్చిందని రాత్రి అన్నం మానేసి చపాతీకి మారిన ఇళ్లు ఎన్నో. జబ్బు మన దగ్గర అరుదే. అరుదు కాబట్టే గుర్తించడం ఆలస్యమవుతుంది.

గుర్తించడానికి చిన్న చర్మపు ముక్క తీసి ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష చేయాలి. ముక్కను పొక్కు మీద కాకుండా దాని పక్కన బాగున్న చర్మం నుంచి తీస్తారు. మామూలు బయాప్సీలా ఫార్మలిన్‌లో వేస్తే ఈ పరీక్ష పాడవుతుంది. మైకెల్స్ ద్రావణం అనే ప్రత్యేక ద్రవంలో ఉంచితే కొన్ని రోజులు నిలుస్తుంది. దీవుల నుంచి నమూనాను చెన్నైకో కోల్‌కతాకో పంపాల్సివస్తే ఈ చిన్న విషయమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. టీటీజీ అనే రక్తపరీక్ష కూడా తోడ్పడుతుంది. ఒక హెచ్చరిక: పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మానకూడదు. ముందే మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేదని రావచ్చు.

ఇక మందు. డాప్సోన్ మాత్ర మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే దురద తగ్గుతుంది. నెలల తరబడి నిద్రలేని మనిషి మూడో రాత్రికి నిద్రపోవడం ఈ జబ్బులో మామూలే. ఎంత త్వరగా తగ్గుతుందంటే, ఒకప్పుడు మందుకు దురద లొంగడాన్నే జబ్బుకు రుజువుగా తీసుకునేవారు. కానీ ఇదే మాత్ర కుష్ఠువ్యాధి చికిత్సలోనూ ఒక భాగం. 1940ల నుంచీ ఆ వాడకం ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా అందరికీ తెలిసిన మందు కావడం ఒక విధంగా మేలే. ఇంకో విధంగా చూస్తే, మాత్ర పేరు చూసి ఇరుగుపొరుగు ఏదో అనుకుంటారని మందు దాచుకునేవారు, మానేసేవారు ఉంటారు. మందు రాసిచ్చే రోజే డాక్టరు ఈ విషయం ఇంటివాళ్లకు విడమరిచి చెప్పడం మంచిది.

డాప్సోన్ దురదను ఆపుతుంది గానీ పేగును బాగుచేయదు. పైగా అది ఎర్ర రక్తకణాల మీద ఒత్తిడి పెడుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి కణాలకు జీ6పీడీ అనే ఎంజైమ్ కావాలి. అది పుట్టుకతోనే తక్కువగా ఉన్నవారిలో కణాలు గుంపులు గుంపులుగా పగిలిపోతాయి. మూత్రం నల్లటి కాఫీ రంగులోకి మారుతుంది, కళ్లు పచ్చబడతాయి, ఆయాసం వస్తుంది. మలేరియా ఎక్కువగా ఉండిన ప్రాంతాల జనాల్లో ఈ లోపం ఎక్కువ. అందుకే దీవుల్లో ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోకూడదు. మొదటి మాత్రకు ముందే చేయించాలి. కణాలు పగలడం మొదలయ్యాక చేస్తే, మిగిలిన కొత్త కణాల్లో ఎంజైమ్ ఎక్కువగా ఉండి ఫలితం బాగున్నట్టు తప్పుగా కనిపించవచ్చు. వైవాక్స్ మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ కూడా ఇలాంటి ఒత్తిడే పెడుతుంది కాబట్టి జ్వరానికి వెళ్లినప్పుడు డాప్సోన్ వాడుతున్నట్టు తప్పక చెప్పాలి. లోపం ఉన్నవారికి బీరువాలో పెట్టే కలరా ఉండలు కూడా ప్రమాదమే.

లోపం లేనివారికీ రక్తం కొంత తగ్గడం సహజం. ఎంత తగ్గిందో తెలియాలంటే కొలవాలి. సాధారణంగా మొదటి నెల వారానికోసారి, తర్వాత కొన్ని నెలలు రెండు వారాలకో నెలకో ఒకసారి, ఆపైన మూడు నెలలకోసారి సీబీసీ చేస్తారు. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మధ్యమధ్య జోడిస్తారు. మొదటి మూడు నెలలే కీలకం. తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోయే అరుదైన ప్రమాదం ఎక్కువగా ఆ రోజుల్లోనే వస్తుంది. దాని గుర్తు జ్వరం, గొంతునొప్పి. మొదలుపెట్టిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, కామెర్లు కలిసి వస్తే అది డాప్సోన్ హైపర్‌సెన్సిటివిటీ కావచ్చు. ప్రాణాంతకం కాగలదు. ఈ రెండింటిలో ఏది అనుమానం వచ్చినా మాత్ర ఆపి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

క్యాంప్‌బెల్ బే లాంటి చోట ఉండేవారికి ఓడ కుదిరిన రోజే ప్రయాణం. శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్, చేరడానికి సముద్రం, వాతావరణం రెండూ ఒప్పుకోవాలి. అలాంటివారు మొదటి నెల మాత్రలు సీబీసీ చేసే ఆసుపత్రికి దగ్గరలో ఉండి మొదలుపెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే తెలివైన పని. దురద మరో పది రోజులు ఓర్చుకోవచ్చు, నడిసముద్రంలో పడిపోయిన తెల్లకణాలను ఓర్చుకోలేం.

మరో రెండు సంగతులు అంతగా చెప్పుకోరు. డాప్సోన్ వల్ల హిమోగ్లోబిన్‌లో కొంత భాగం ఆక్సిజన్ మోయలేని రూపానికి మారుతుంది. పెదవులు నీలంగా కనిపిస్తాయి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఊపిరితిత్తులు బాగున్నా తక్కువ అంకె చూపవచ్చు. పరికరం చెడిందనుకోకుండా డాక్టరుకు చెప్పాలి. రెండోది షుగర్ ఉన్నవారికి: ఎర్రకణాల ఆయుష్షు తగ్గడంతో మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. షుగర్ అదుపులో ఉందన్న తప్పుడు ధైర్యం కలుగుతుంది. మాత్ర వాడినంత కాలం వేలి రక్తంతో చూసే రీడింగులనే నమ్మాలి.

అసలు చికిత్స గ్లూటెన్ లేని తిండి. అన్నం, ఇడ్లీ, దోసె, రాగి, జొన్న, సజ్జ, కొర్ర, కొబ్బరి, చేప, కందగడ్డ: దీవుల్లో ఇది కష్టమైన పథ్యం కాదు. చపాతీ, పూరీ, పరోటా, బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్లు మానాలి. దొంగదారిన వచ్చేవే చిక్కు. బజారులో దొరికే కలిపిన ఇంగువలో గోధుమపిండో మైదానో ఉంటుంది; పులిహోరలో, చారులో చిటికెడు వేస్తే చాలు. పాలలో కలుపుకునే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. మైదా వేయించిన నూనెలోనే వేయించిన చేప కూడా పనికిరాదు. కొందరిలో అయోడిన్ పొక్కులను రెచ్చగొడుతుంది కాబట్టి రొయ్యలు, పీతలు తిన్న తర్వాత దురద పెరిగితే రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించాలి. అయోడిన్ ఉప్పును మాత్రం సొంతంగా మానొద్దు.

పథ్యం చర్మం మీద పనిచేయడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి రెండేళ్లు. అంతవరకు మాత్ర చేయూత. పొక్కులు లేకుండా కొన్ని నెలలు గడిస్తే డాక్టరు మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మళ్లీ దురద లేస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లి, ఆ నెల వంటింట్లోకి కొత్తగా ఏ పొట్లం వచ్చిందో వెతుకుతారు.