చదివిందంతా యాడికి పోయింది? – లేపాక్షి పైకప్పు కింద ఒక పాఠం

పోయిన వారం వీడియోలో కిరాతార్జునీయం కథ చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక అందులో ఒక మాట వదిలేశాను, నిజానికి అసలు విషయం అదే. ఈ పోస్టు దాని కోసమే. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని చదవండి, చివర్లో పని పడుతుంది.

ముందు ఒక తమ్ముడి సంగతి చెప్పాలి. ఊరు ధర్మవరం, ఉద్యోగం బెంగళూరులో. ఇంట్లో మగ్గం ఉంది, నాయన పట్టుచీరలు నేస్తాడు. ఈ తమ్ముడు ఫోన్‌లో గీత యాప్ పెట్టుకుని రోజుకో శ్లోకం చదువుతున్నాడు. ఒక్కరోజు కూడా తప్పకుండా 140 రోజులు. 141వ రోజు ఇంటికి వెళ్లాడు. మగ్గం అమ్మేసి బెంగళూరు వచ్చేయమని నాయనతో మాట మొదలైంది, మాటకు మాట పెరిగింది. "ఆసక్తి వదిలేయాలని కృష్ణుడే చెప్పినాడు నాయనా" అని గీత కూడా చెప్పాడట. నాయన వినలేదు. "ఇన్నేళ్లు ఈ మగ్గం పట్టుకుని నువ్వు సాధించిందేముంది?" అని చుట్టాల ముందు అనేశాడు. నాయన ఏమీ అనకుండా లేచి పోయి మగ్గంలో కూర్చున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు కొడుకు ఫోన్ ఎత్తలేదు.

ఆ రోజు పొద్దున కూడా శ్లోకం చదివే రైలెక్కాడు. నన్ను అడిగింది ఒక్కటే: "చదివిందంతా యాడికి పోయిందన్నా?"

నా దగ్గర రెడీగా జవాబు లేదు. పొద్దున పారాయణం చేసి, తొమ్మిదింటికల్లా ఆటో అతని మీద అరిచిన రోజులు నాకూ ఉన్నాయి. అందుకని జవాబు చెప్పకుండా, "ఈసారి ఊరికి వెళ్లేటప్పుడు నేనూ వస్తాను, దారిలో హిందూపురంలో దిగుదాం" అన్నాను. బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే లైన్లో ముందు హిందూపురం, తర్వాత పెనుకొండ, ఆ తర్వాత ధర్మవరం. మూడూ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నాయి.

హిందూపురం నుంచి లేపాక్షి దాదాపు 15 కిలోమీటర్లు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రస్వామి గుడి. అందరూ వెళ్లేది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటో తీసుకోవడానికి. మేమూ దూర్చాం, అబద్ధం ఎందుకు! కానీ మా పని పైన ఉంది. నాట్యమండపం పైకప్పు నిండా రంగుల బొమ్మలు, అందులో కిరాతార్జునీయం ఒకటి. అర్జునుడి తపస్సు, పంది వేట. కొన్ని చోట్ల రంగు వెలిసిపోయింది, మెడ నొప్పి పుట్టేదాకా చూస్తే గానీ కథ అందదు. నడుం వాల్చి చూద్దామంటే గుడి కదా, బాగుండదు.

కథ మీకు తెలుసు. అరణ్యవాసంలో ఉన్న అర్జునుడు అస్త్రాల కోసం హిమాలయాలకు వెళ్లి శివుడి కోసం ఘోరతపస్సు చేస్తాడు. మూకుడనే రాక్షసుడు పంది రూపంలో మీదికి వస్తాడు. అర్జునుడు బాణం వేస్తాడు, అదే క్షణంలో బోయవాడి వేషంలో ఉన్న శివుడూ వేస్తాడు. ఎవరి బాణం, ఎవరి పంది అని గొడవ. తెలుగులో అయితే భారతం అరణ్యపర్వంలో నన్నయ రాసిన భాగంలోనే ఇది వస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగండి. అర్జునుడు గొడవ ఎలా మొదలుపెట్టాడు? "నేను గురిపెట్టిన మృగాన్ని నువ్వెలా కొడతావు, ఇది వేట ధర్మం కాదు" అన్నాడు. అంటే ధర్మం చెప్పాడు! బూతులు తిట్టలేదు, శాస్త్రమే మాట్లాడాడు. ఆ వెంటనే ప్రాణం తీస్తానన్నాడు. ఎవరి దర్శనం కోసం నెలల తరబడి తిండి మానేశాడో, ఆయన ఎదురుగా వచ్చి నవ్వుతూ నిలబడితే, ఈయన వేట ధర్మం పాఠం చెబుతున్నాడు. ఈ మాట అన్నప్పుడు మా తమ్ముడు పైకప్పు నుంచి చూపు దించి నేల వైపు చూశాడు. నేను కావాలని అనలేదు, కానీ వాడికి తగిలింది.

తర్వాత జరిగేది వరుసగా చూడండి. అక్షయ తూణీరాలే అయినా బాణాలు అయిపోయాయి. గాండీవంతో కొట్టబోతే బోయవాడు దాన్నీ లాక్కున్నాడు. కత్తి దూస్తే ఆయన తలకు తగిలి విరిగింది. చెట్లు, రాళ్లు, చివరికి పిడికిళ్లు. చివరికి ఆయన గట్టిగా పట్టి నలిపితే అర్జునుడు స్పృహ తప్పి పడిపోయాడు. లేచాక చేతిలో ఏమీ లేదు. అప్పుడు మట్టితో వేదిక చేసి, పూలమాల వేసి శివుణ్ణి పూజించాడు. తలెత్తి చూస్తే ఆ మాల బోయవాడి తల మీద ఉంది.

పోయిన వారం నేను వదిలేసిన మాట ఇదే. పూజ ఒకరికి, పోట్లాట ఇంకొకరితో అనుకున్నాడు అర్జునుడు. ఇద్దరూ ఒకరే. పొద్దున దేవుడి పటానికి మనం వేసే దండ మధ్యాహ్నం ఎవరి తల మీద కనిపిస్తుంది? ఇంట్లో మనతో గొడవపడే మనిషిని చూసినప్పుడు ఆ దండ గుర్తొస్తుందా? ఆ తర్వాత పంది ఎవరిదన్న ప్రశ్న మళ్లీ రానే రాదు. అర్జునుడు క్షమించమని కాళ్ల మీద పడ్డాడు. గాండీవం తిరిగి దక్కింది, కోరి వచ్చిన పాశుపతమూ దక్కింది.

అయితే ఒక మాట. ఎదుటివాడు ఏం చేసినా దేవుడే అనుకుని పడి ఉండమని దీని అర్థం కాదు. ఇంట్లో దెబ్బలు, వేధింపులు భరిస్తున్నవాళ్లు ఈ పాఠాన్ని తమకు అన్వయించుకోవద్దు. అలాంటి చోట చేయాల్సింది సాయం అడగడం. ఇక్కడ మాట్లాడుతున్నది మన నోటి గురించి.

నోటి గురించే అని ఎందుకంటున్నానంటే, గీత 17వ అధ్యాయం 15వ శ్లోకం తీసి చూడండి. తపస్సు మూడు రకాలు అని చెబుతూ, స్వాధ్యాయాన్ని కృష్ణుడు ఎక్కడ పెట్టాడు? శరీర తపస్సులో కాదు, మనసు తపస్సులోనూ కాదు. వాక్కు తపస్సులో, ఎదుటివాణ్ణి కలత పెట్టని మాట పక్కనే పెట్టాడు. అంటే చదువుకు పరీక్ష నాలుక మీదే. మన తమ్ముడు 140 రోజులు చదివింది ఎక్కడికీ పోలేదు, నోటి దాకా రాలేదు, అంతే. వచ్చింది కూడా నాయన మీద విసరడానికి రాయిలా వచ్చింది.

పెనుకొండలో ఒక పూట ఆగాం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు. కోట ద్వారం దగ్గర ఆంజనేయస్వామి ముందు కూర్చుని కిష్కింధాకాండ మూడో సర్గ గుర్తు చేసుకున్నాం. హనుమ సన్యాసి వేషంలో వచ్చి నాలుగు మాటలు మాట్లాడాడో లేదో, రాముడు లక్ష్మణుడితో అంటాడు, వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడని. మాట్లాడేటప్పుడు ముఖంలో గానీ కళ్లలో గానీ కనుబొమ్మల్లో గానీ ఏ దోషమూ లేదని కూడా చెబుతాడు. నేనింత చదివానని హనుమ ఎక్కడా చెప్పుకోలేదు. స్ట్రీక్ చూపించలేదు.

మరి చదివింది నోటి దాకా రావాలంటే? బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పే వరుస ఉంది: వినడం, మననం, నిదిధ్యాసనం. మన యాప్‌లు మొదటి మెట్టు మీదే నోటిఫికేషన్ కొట్టి ఆగిపోతాయి. రోజుకో శ్లోకం మానేసి, వారానికి ఒక్క ఘట్టం పెట్టుకోమని తమ్ముడికి చెప్పాను. అదే ఘట్టం ఏడు రోజులు చదవాలి. మొదటి రోజు కథ కోసం. తర్వాత "ఇందులో నేనెవరు?" అని. ఆ తర్వాత "ఈ వారం నా బోయవాడు ఎవరు?" అని ఒక్క పేరు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. రాత్రి పడుకునే ముందు, ఆ మనిషితో ఈ రోజు అన్న మాటల్లో ఒక్కటి గుర్తు చేసుకుని రాయాలి. వ్యాఖ్యానం అక్కర్లేదు. రెండు రోజులు తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టకండి, ఆగిన చోటే అందుకోండి.

ధర్మవరం చేరేసరికి సాయంత్రమైంది. నేను ఇంట్లోకి వెళ్లలేదు, సందు చివర టీ అంగడి దగ్గర కూర్చున్నాను. తర్వాత తమ్ముడు చెప్పినంతే మీకు చెబుతున్నాను. నాయన మగ్గం మీదే ఉన్నాడు. పడుగులో ఒక పోగు తెగితే ఆపి, దాన్ని వెతికి అతుకుతున్నాడు. సాయంత్రం వెలుతురులో కనిపించడం లేదు. వాడు రిహార్సల్ చేసుకున్న సారీ ఒక్క ముక్క కూడా నోట్లోంచి రాలేదట. పక్కన పోయి కూర్చున్నాడు. కాసేపటికి నాయనే, తల తిప్పకుండా, "ఫోన్ లైటు ఇట్లా పట్టురా" అన్నాడు.

అరగంట పట్టుకున్నాడు. మగ్గం సంగతి ఇంకా తేలలేదు, వచ్చే నెల మళ్లీ మాట్లాడుకుంటారు. ఆ రోజు యాప్ తెరవడం మర్చిపోయాడు.

ఈ వారం మీ పాఠం అరణ్యపర్వంలో కిరాత ఘట్టం. మాల కనిపించే చోటు దాకా చదివి, నోట్‌బుక్‌లో ఆ ఒక్క పేరు రాయండి. వచ్చే వీడియోలో మైత్రేయి కథతో కలుద్దాం.