ఇచ్ఛాపరిమాణమును దానమును

శ్రావకుని ఐదు అణువ్రతములలో కడపటిది పరిగ్రహపరిమాణము. సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమున దీనికి ఇచ్ఛాపరిమాణమను మరియొక పేరు కూడ చెప్పియున్నారు. వర్తకులకు ఈ రెండవ పేరే ఎక్కువ ఉపయోగకరము. పెట్టెలోని పైకమును గుమాస్తాయైనను లెక్కింపగలడు. కోరికను లెక్కించుట యజమానునికే సాధ్యము.

ముని సర్వమును త్యజించును. గృహస్థుడు అట్లు చేయజాలడు. బిడ్డలను చదివింపవలెను, అంగడి నడుపవలెను, అప్పిచ్చినవారికి గడువున చెల్లింపవలెను. కావున పొలము, ఇల్లు, వెండిబంగారములు, ధాన్యము, పశువులు, పాత్రసామగ్రి మున్నగువానికి 'ఇంతవరకే' యని తనకు తానే హద్దు ఏర్పరచుకొనును. ఆ హద్దు అందరికి నొక్కటి కాదు.

ఉపాసకదశాంగ సూత్రములోని ఆనందుని కథ ఇందుకు తార్కాణము. వాణిజ్యగ్రామవాసియైన ఈ గృహపతికి పండ్రెండు కోట్ల సువర్ణము కలదు. నాలుగు కోట్లు నిధిగా నుండెను, నాలుగు కోట్లు వ్యాపారమున తిరుగుచుండెను, నాలుగు కోట్లు గృహావసరములలో నుండెను. మందకు పదివేల చొప్పున నాలుగు గోవుల మందలు. మహావీరస్వామి సన్నిధిని వ్రతము గైకొన్న నాడు ఆయన వీనిని పారవైచి అడవికి పోలేదు. ఇంతకు మించి చేర్చనని మాత్రము పలికెను. అంతటితో నిలువక, పండ్లు తోముకొను పుల్ల యేదో, స్నానమునకు నీరు ఎనిమిది కుండలని, త్రాగుటకు వాననీరని కూడ నిర్ణయించుకొనెను. పండ్రెండు కోట్లవానికి కుండెడు నీరు ఒక లెక్కా యని తోచవచ్చును. కాని కోట్ల హద్దు ఏడాదికొకసారి మాత్రమే గుర్తుకు వచ్చును. కుండల హద్దు ప్రతి ఉదయమును గుర్తుకు వచ్చును.

హద్దు పెట్టుకొనుటకంటె దానిని తప్పించుకొను తెలివి మానవునికి మెండు. దీనిని చక్కగా కనిపెట్టినవారు హేమచంద్రాచార్యులు. 12వ శతాబ్దమున గుజరాతు రాజధానియైన పాటన్ నగరమున, ధనికులైన వర్తకుల నడుమ ఆయన జీవించెను. యోగశాస్త్రమున ఈ వ్రతభంగపు మార్గములను ఒక్కొక్కటిగా చూపినారు. రెండు పొలముల నడిమి కంచె తీసివేసి ఒక్కటే పొలమనుట. రెండిండ్ల నడిమి గోడ పడగొట్టి ఒక్కటే ఇల్లనుట. పాత్రల సంఖ్య పెరుగకుండ రెంటిని కరగించి ఒక పెద్ద పాత్ర చేయించుట. ధాన్యమునకు బయానా ఇచ్చి, వ్రతావధి తీరువరకు అమ్మినవాని కొట్టులోనే ఉంచుట. బంగారము మితిమీరినచో, మరల పుచ్చుకొను తలంపుతో, ఇంకొకరికి ఇచ్చి ఉంచుట. ఈ చివరిదానికి ఆచార్యులు వాడిన మాట 'దానము'!

నేడు భార్య పేర ఒక సంస్థ, బావమరది పేర ఒక స్థలము ఉంచువారికి ఈ శ్లోకము పాతబడినట్లు తోచదు. బినామీ యను మాట తరువాత వచ్చినది గాని పని మాత్రము పాతదే.

నిజమైన దానమునకు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పిన లక్షణము వేరు. మేలు కలుగుటకై తనదానిని తాను విడుచుట దానము. ఇందు 'తనది' యనుచోట కొంచెము ఆగవలెను. అదే గ్రంథము అస్తేయవ్రతమునకు దోషములుగా దొంగసొత్తు కొనుటను, తప్పుడు తూకములను, కల్తీని పేర్కొన్నది. కిలోకు ఏబది గ్రాములు తగ్గించి కూడబెట్టినది తూచినవానిది కాదు, కొన్నవానిది. దానితో ఎంత గొప్ప అన్నదానము చేసినను, అది ఆలస్యముగా తీర్చిన బాకీయే యగును. అదియు అసలు బాకీదారునికి కాక మరియొకరికి!

కచ్ఛదేశమున భద్రేశ్వరమున నుండిన జగడూశాహ్ కథ ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది. 13వ శతాబ్దపు మధ్యభాగమున గుజరాతును ఘోరక్షామము పీడించెను. ఆ సంగతిని ముందే యొక ముని వలన తెలిసికొని ఈ జైనవర్తకుడు ధాన్యము నిలువచేసెనని జగడూచరితము చెప్పుచున్నది. రాజు వీసలదేవుడు ధాన్యము కోరగా, ఇచ్చట తన ధాన్యము లేదని ఆయన బదులిచ్చెనట. కొట్లు తెరచి చూడగా, ఇది పేదలకై నిలువచేయబడినదని వ్రాసిన తామ్రపత్రములు కనబడెనట. క్షామము వచ్చిన పిమ్మట ఆయన దయ తలచలేదు. ధాన్యము చౌకగా నున్న నాడే దానము జరిగిపోయినది. ధర ఎన్ని రెట్లయినను అమ్ముటకు అది ఆయనది కాదు.

హద్దు సరకుతో ముగియదు. శ్రావకుడు చేయరాని పదునైదు వృత్తులలో బొగ్గుల కాల్పు, అడవుల నరకు, విషవ్యాపారము, దంతవ్యాపారము కలవు. చెరువులను మడుగులను ఎండగట్టుట కూడ కలదు. బట్టల వర్తకుడు ఇది తనకు సంబంధింపదని దాటిపోవచ్చును. అయితే లాభమును నిలువజేయుటకు ఆయన కొను స్థలము నిన్నటివరకు చెరువు కడుపు కాదుగదా? ఎండగట్టినవాడు వేరైనను, కొనువాడు లేనిదే ఆ పని సాగదు. వడగట్టిన నీటి జీవాణిని, అనగా గుడ్డలో మిగిలినదానిని, ఏ బావి నీరో ఆ బావికే తిరిగి చేర్చు ఆచారము గల ఇండ్లవారు ఈ ప్రశ్న వేసికొనక తప్పదు.

దీపావళినాడు లెక్కపుస్తకములకు పూజచేయు కుటుంబములు మొదటి పుటలోనే ఈ ఏటి హద్దును అంకెలలో వ్రాయవచ్చును. భార్యాబిడ్డల పేర నున్నవానిని కూడ అందు కలిపి చూపవలెను. హద్దు మించిన పైకమునకు వేరు ఖాతా తెరచి, అది బడికో, వైద్యశాలకో, పశుశాలకో చెందునని ఆనాడే పేరు వేయవలెను. ఏడాది చివర ఆ ఖాతాను ఇంటి పెద్ద కాక, పిన్నవారిలో ఒకరు సరిచూచుట మంచిది.