లెక్క రోజు కూలిది, మాట గుత్తది

"వెబ్‌సైట్ చేస్తే ఎంతైతది తమ్మీ?" కామారెడ్డిలో ఓ ఫంక్షన్ హాల్ యజమాని అడుగుతాడు. ఈ పనిలోకి కొత్తగా దిగినవారి నోట ముందుగా వచ్చే మాట "ఐదు వేలన్నా". ఎక్కువ చెబితే పని చేజారుతుందని భయం. నెల తిరిగాక చూసుకుంటే పెట్రోలు, ఇంటర్నెట్ పోగా మిగిలింది అంతంతే.

ఇల్లు కట్టే మేస్త్రీ ఇలా చేయడు. యజమానికి చెప్పేది గుత్త ధరే అయినా, ఎంతమంది కూలీలు, ఎన్ని రోజులు అన్నది ముందే మనసులో లెక్క వేసుకుంటాడు. వెబ్ డిజైనర్‌కూ ఆ పద్ధతే మేలు.

ముందు మీ రోజు కూలి తేల్చుకోండి. ఉదాహరణకు ఇంటికి నెలకు 25,000 రూపాయలు కావాలి. కరెంటు, ఇంటర్నెట్, తిరుగుడు, రేపు కొనాల్సిన కొత్త ల్యాప్‌టాప్ కోసం మరో 5,000. మొత్తం 30,000. దీన్ని ముప్పై రోజులతో భాగిస్తే మోసపోతారు. కొత్త పని వెతకడం, బాకీ కోసం తిరగడం, ఫొటోల కోసం ఎదురుచూడడం పోగా డబ్బులు వచ్చే పని నెలకు పదిహేను రోజులకు మించదనుకోండి. అప్పుడు రోజు కూలి 2,000.

ఇక పనిని రోజుల్లోకి విప్పండి. ఐదు పేజీల సైట్‌కు మాటలు, ఫొటోలు సేకరించడానికి ఒక రోజు, డిజైన్‌కు రెండు, సెల్‌ఫోన్‌లో సరిగా కనబడేలా చూడడానికి ఒకటి, దిద్దుబాట్లకు ఒకటి. తెలుగు సైట్ అయితే ఇంకొకటి కలపండి. "అంతా ఇందులనే ఉంది" అంటూ అను ఫాంట్లలో కొట్టిన పాంప్లెట్ ఫైలు చేతిలో పెడతారు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి ఒత్తులు, అంకెలు ఒక్కొక్కటీ సరిచూడాలి. అంతా కలిపి ఆరు రోజులు, 12,000. అనుకోని పనులకు పావు వంతు కలిపితే 15,000. యజమానికి చెప్పాల్సిన గుత్త ధర ఇది.

పని ఎల్లారెడ్డిలో ఉంటే, బస్సు కోసం నిలబడడంతో సహా వెళ్లిరావడానికి సగం రోజు పోతుంది. ఒకసారి రావడం ధరలోనే ఉందని, ఆపై ప్రతి రాకకు వెయ్యి అని ముందే చెప్పండి. లేదంటే మిగతాది వాట్సాప్‌లో మాట్లాడుకుందామనండి.

"గంత ఎందుకైతది?" అన్నప్పుడు ధర తగ్గించకండి, పని తగ్గించండి. "ఐదు పేజీలు వద్దన్నా, మూడు చేద్దాం, పదివేలకు అయితది" అనవచ్చు. పని తగ్గకుండా ధర మాత్రం తగ్గితే, మొదట చెప్పింది దొంగ లెక్క అనుకుంటారు. చిన్న కిరాణా దుకాణానికి అసలు సైటే అవసరం లేకపోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం వివరాలు పెట్టుకోవడం ఉచితం. ఆ మాట నిజాయితీగా చెప్పి, ఫొటోలు తీసి ఎక్కించినందుకు సగం రోజు కూలి తీసుకోండి. రేపు ఆ దుకాణదారే ఇంకొకరికి మీ పేరు చెబుతాడు.

డొమైన్, హోస్టింగ్ మీ కూలిలో కలపకండి. ఫ్లెక్సీకి ఒకసారి డబ్బు కడితే అయిపోతుంది. డొమైన్, హోస్టింగ్‌లకు మాత్రం ఏటా కట్టాలి, మొదటి ఏడాది ఉన్న తక్కువ ధర రెండో ఏడాది ఉండకపోవచ్చు. డొమైన్‌ను యజమాని పేరు మీదే తీసుకోండి. ఏడాది పొడవునా చిన్న మార్పులు చేసిపెట్టడానికి వేరే ధర చెప్పండి.

సగం బయానా చేతికొచ్చాకే పని మొదలుపెట్టండి. మిగిలింది సైట్ జనానికి తెరిచే ముందు తీసుకోండి. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు దిద్దుబాటు, ఫొటోలు ఎవరివి, ఎప్పటిలోగా అన్నవి ఒక్క కాగితం మీద రాయండి. ఇక పన్ను సంగతి. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. నమోదు లేకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యం నమోదు మాత్రం ఆన్‌లైన్‌లో ఉచితంగానే చేసుకోవచ్చు.

ఈసారి "ఎంతైతది తమ్మీ?" అని అడిగితే నోటికొచ్చిన అంకె చెప్పకండి. "ఏమేం కావాల్నో చెప్పన్నా, రేపు పొద్దున కాగితం మీద రాసిస్త" అనండి. ఆ రాత్రి కూర్చుని రోజులు లెక్కపెట్టండి.