జెల్ల ముల్లు

ఏమ్మా చెల్లాయ్, కొల్లేటి లంకలో పోస్టింగ్ వచ్చిందనీ, మూడో తరగతి పిల్లలకి గుణింతాలే రావట్లేదనీ దిగులుపడుతున్నావట. నేనూ పడ్డాన్లే ఆ దిగులు. కొత్తలో నా క్లాసు ‘కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి’ అని రాగం తీస్తుంటే వీధి చివరిదాకా వినబడేది. మురిసిపోయేదాన్ని. ఓ రోజు వెనక బెంచీవాణ్ణి లేపి, పుస్తకంలో ‘కి’ మీద వేలు పెట్టి ఇదేంట్రా అన్నాను. అక్షరం వంక చూడకుండా మొదట్నుంచీ పాడుకుంటూ వచ్చాడు!

వాడే అన్నాలప్పుడు చేపల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. కొరమీను, ఇంగిలాయి, మట్టగిడస, బొమ్మిడాయి, వాలుగ, జెల్ల. మర్నాడు గుణింతాల చార్టు చుట్టి పక్కన పెట్టేశాను. పాత శుభలేఖల వెనక ఆ పేర్లు పెద్దక్షరాలతో రాసి, ఎవరు చెప్పిన చేప వాళ్ల చేతికిచ్చాను. చూడు, బొమ్మిడాయి ఒక్కదాంట్లో ఒత్వం, మ వత్తు, గుడి, దీర్ఘం అన్నీ ఉన్నాయి. ఇంగిలాయిలో సున్నా, కొరమీనులో గుడిదీర్ఘం, కొమ్ము. గుణింతం సగం చేపల్లోనే అయిపోయింది.

ఓ పిల్లాడు పలక మీద ‘జెల’ అని రాశాడు. పక్క పిల్ల చూసి, “ముల్లు తీసేశావేంట్రా? ముల్లు లేని జెల్ల ఉంటదా?” అంది. క్లాసంతా ఒకటే నవ్వు. వాడు ఓసారి వేలు చూసుకుని (గుచ్చుకున్న అనుభవం ఉంది మరి) కింద ల వత్తు చెక్కినట్టు పెట్టాడు. ఆ ఏడాదంతా మా క్లాసులో వత్తు పేరు ముల్లే.

సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే టీచరు న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకి ఇలాగే వాళ్లు చెప్పిన మాటల్నే అట్టల మీద రాసిచ్చి చదివించింది. 1963లో అచ్చయిన ఆవిడ ‘టీచర్’ పుస్తకంలో ఆ సంగతంతా ఉంది. అంతదూరం ఎందుకు, మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లల కోసం ముందు తనే సవర భాష నేర్చుకుని, ఆ తర్వాత వాచకాలు రాశారు. మనం నేర్చుకోవాల్సింది నాలుగు చేపల పేర్లే కదా.

తాడేపల్లిగూడెం పిల్లలకి ఈ కష్టం కొంత తక్కువ. ఉల్లిపాయల మార్కెట్టు దారిన నడిస్తే రెండువైపులా బోర్డులే. లంకలో అక్షరం కంటబడేదే అరుదు. అందుకే ఆ చేపల పేర్లన్నీ అంటించి మా క్లాసు గోడనే బజారు వీధి చేశాం.

ఇంకోటి. ఎవరింట్లోనైనా చేపలు పట్టే మావు ఉంటే తెప్పించు. చేప ఎలా దూరుతుందో, మళ్లీ బయటికి ఎందుకు రాలేదో పిల్లాణ్ణే చెప్పనివ్వు. ‘లోనికెల్లిపోద్దండి’ అంటే అలాగే బోర్డు మీద రాయి, దిద్దకు. వాడి మాట వాడే చదువుతాడు, తడుముకోకుండా. ‘వెళ్లిపోతుంది’ సంగతి సంక్రాంతి తర్వాత చూసుకోవచ్చు.

శుభలేఖలు చాలకపోతే కబురు పెట్టు. మా వీధిలో మాఘమాసం పెళ్లిళ్లు అవగానే ఓ కట్ట పంపిస్తాను.