రెండు సిలిండర్ల బండి - ఒక సిలిండరు కుంటుపడినపుడు

మా విద్యార్థుల తండ్రులలో కొందఱు తాము పడుచు వయసున కొన్న మోటారు సైకిళ్లను నేటికిని పదిలముగ నుంచుకొని యున్నారు. సెలవు దినములలో పెద్ద తరగతుల బాలురు వానిని విప్పి బాగుచేయ బూనుటయు మేమెఱుగుదుము. ఇది మెచ్చదగిన యభిరుచియే. కాని తఱచుగ జరుగునదేమన, ఇంజను సరిగా నడువనిచో ముందు ప్లగ్గును, పిదప కాయిలును, ఆ పిదప కార్బురేటరును వరుసగా మార్తురు. ధనము వ్యయమగును గాని దోషము మిగిలియే యుండును. దోషమును కనుగొనుట కొక క్రమము కలదు. దానిని తెలుపుటయే ఈ పాఠము నుద్దేశము.

ఉదాహరణముగ రాజ్‌దూత్ 350 బండిని గైకొందము. యమహా ఆర్.డి. 350 నమూనా ననుసరించి ఎస్కార్ట్సు సంస్థ 1983లో దీనిని మన దేశమున వెలువరించెను. దీని ఇంజను రెండు స్ట్రోకులది. పరిమాణము 347 ఘన సెంటీమీటర్లు. ప్రక్కప్రక్కన రెండు సిలిండర్లు గలవు. ఒక్కొక్క దానికి వేర్వేఱుగ కార్బురేటరు, కాయిలు, పాయింట్లు, సైలెన్సరు అమరియుండును. రెండు సైలెన్సర్లు గల ప్రతి బండికిని రెండు సిలిండర్లుండునని తలపరాదు. మైసూరులో తయారైన జావా, యెజ్డీ 250 బండ్లకు సైలెన్సర్లు రెండైనను సిలిండరొక్కటే.

జంట సిలిండర్లుండుట పరీక్షించువానికి గొప్ప సౌకర్యము. చెడినదానిని కొలుచుటకు మంచిది ప్రక్కనే యున్నది.

మొదటి మెట్టు, ఏది చెడినదో నిర్ణయించుట. ఈ పని ఆరుబయటనే చేయవలెను. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గలదు. ఇంజను నాపి, ఒక సిలిండరు ప్లగ్గు టోపీని తీసి, ఆ టోపీకి వేఱొక ప్లగ్గును తొడిగి, దాని లోహభాగము ఇంజను రెక్కలకు గట్టిగా తాకునట్లుంచవలెను. సిలిండరులోని ప్లగ్గును కదల్పరాదు. పిదప ఇంజను నడిపి చూడవలెను. నడక మునుపటివలెనే యున్నచో, టోపీ తీసిన సిలిండరే ఇంతకుముందు పని చేయుటలేదని యర్థము. ఇంజను నడువకున్నచో రెండవ సిలిండరును శంకింపవలెను. రెండు ప్రక్కలను ఇట్లే పరీక్షించి సరిచూచుకొనవలెను.

రెండవ మెట్టు, ప్లగ్గుల రంగు చూచుట. కొన గోధుమవన్నె నుండిన మండుట సరిగా నున్నది. నల్లగా, తడిగా నుండిన పెట్రోలు హెచ్చైనదో, నిప్పురవ్వ బలహీనమో అయియుండును. తెల్లబడియుండిన గాలి హెచ్చై సిలిండరు మితిమీరి వేడెక్కుచున్నది. ఈ తెలుపు మిక్కిలి ప్రమాదసూచన. ఇట్టి బండిని వేగముగ నడిపినచో పిస్టను సిలిండరులో పట్టుకొనిపోవును. వెనుక చక్రము హఠాత్తుగ బిగిసి నడుపువాడు పడిపోవచ్చును. అట్టి సమయమున తక్షణమే క్లచ్చు నొక్కవలెనని మీ కుమారులకు తప్పక బోధింపుడు. కారణము తెలియువఱకు బండి నెక్కనీయకుడు.

మూడవ మెట్టు ఈ పాఠమునకు ప్రాణము. కుడి ప్లగ్గును ఎడమకు, ఎడమ ప్లగ్గును కుడికి మార్చవలెను. దోషము కూడ ప్రక్క మారినచో ప్లగ్గే దోషి. మారనిచో ప్లగ్గు నిర్దోషి; కొత్తది కొననక్కఱలేదు. టోపీలను, కాయిళ్లను కూడ ఇట్లే ఒకదాని తరువాత నొకటి మార్చి చూడవచ్చును. పాయింట్లను మాత్రము శుభ్రపఱచి, వాని యెడము 0.3 నుండి 0.4 మిల్లీమీటర్ల వఱకుండునట్లు ఫీలరు గేజితో సరిచూడవలెను. ఎడము మారిన రవ్వ పుట్టు సమయమును మారును గనుక దానిని మరల సరిదిద్దవలెను. పాయింట్ల వద్ద రవ్వలు మెండుగ చిమ్ముచుండిన కండెన్సరును శంకింపవలెను.

నాల్గవది పెట్రోలు మార్గము. మెల్లగా తిరుగునపుడు మాత్రమే ఒక సిలిండరు తప్పుచు, వేగమున బాగుండినచో ఆ ప్రక్క కార్బురేటరులోని చిన్న జెట్టు పూడియుండవచ్చును. యాక్సిలరేటరు త్రిప్పినపుడు రెండు కార్బురేటర్ల స్లైడులును ఒక్కమాఱే లేవవలెను. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు 20 శాతము వఱకు చేరినది. అది నీటిని పీల్చును. పాత రబ్బరు భాగములను చెఱచును. మిశ్రమములో గాలిపాలు హెచ్చినట్లు చేయును. నెలల తరబడి బండి నిలిపియుంచువారు ఫ్లోటు గిన్నెలను ఖాళీచేసి యుంచుట మేలు.

ఐదవది కంప్రెషను. యాక్సిలరేటరును పూర్తిగ తెఱచి, కిక్కు కొట్టి, గేజితో రెండు సిలిండర్లను కొలువవలెను. అంకెలు దాదాపు సమముగ నుండవలెను. ఒకటి మిగుల తగ్గినచో రింగులో, బోరో అరిగినదని తెలియును.

కడపటిది ఆయిలు సీళ్లు. కుడి సైలెన్సరునుండి మాత్రమే తెల్లని పొగ దట్టముగ వచ్చుచు, గేరుపెట్టెలో ఆయిలు తగ్గుచుండిన క్లచ్చు వైపు సీలు చెడినది. ఎడమ సీలు చెడినచో గాలి లోనికి చొచ్చి ఆ సిలిండరు వేడెక్కును. ఇంకొక మాట. ఈ బండిలో ఒక పంపు రెండు సన్నని గొట్టముల ద్వారా రెండు సిలిండర్లకును ఆయిలు నందించును. ఒక గొట్టము పూడినను, అందు గాలి నిలిచినను ఆ సిలిండరొక్కటే ఎండిపోవును. గొట్టములు రెండును నిండియున్నవా యని చూచుట మఱువరాదు.

తలిదండ్రులకు మా మనవి యిది. బాలుని చేతికి పానాతోపాటు ఒక నోటుపుస్తకము నిండు. ఒక తడవకు ఒక్క మార్పే చేయనిండు. ఏమి మార్చెనో, ఫలితమేమో వెంటనే వ్రాయుమనుడు. రెండు మార్పు లొక్కసారి చేసినచో బండి బాగుపడినను, దేనివలన బాగుపడెనో తెలియదు. మరల చెడినపుడు పని మొదటికి వచ్చును. క్రమముగ వ్రాసికొనిన పుట యొకటి చేతనున్నచో, మెకానిక్కు వద్దకు పోవలసివచ్చినను, చెడని భాగమునకు వెల చెల్లింపకుండ తిరిగి రావచ్చును.