పిన్ను దూరితే చాలదు

దోహా ఇండస్ట్రియల్ ఏరియాను మనవాళ్లు సనయ్యా అంటారు. అక్కడి కార్మికుల క్యాంపుల్లో కరెంటు పని చూస్తూ నా ఉద్యోగమంతా గడిచింది. నన్ను పెట్టుకున్నది ఏసీలు, గీజర్లు, నీళ్ల మోటార్లు బాగుచేయడానికి. గది తలుపు తట్టగానే నా చేతికి వచ్చేది మాత్రం ఒక ఫోనూ, దాని చార్జరూ. "కాకా, చార్జింగ్ ఎక్కుతలేదు, జర చూడు" అనేవాళ్లు జగిత్యాల, ఆర్మూరు పిల్లలు. "బాబాయ్, రాత్రంతా పెట్టినా సగం కూడా ఎక్కలేదు" అనేవాళ్లు కోనసీమ పిల్లలు. చాలాకాలం దాన్ని చిన్న పనిగానే చూశాను.

కరోనా కాలంలో, 2020 మే 22 నుంచి ఇల్లు దాటాలంటే ఫోన్‌లో ఎహ్తెరాజ్ అనే ఆరోగ్య యాప్ ఉండి తీరాలన్న నిబంధన వచ్చింది. దుకాణం గుమ్మం దగ్గర ఆ యాప్‌లో ఆకుపచ్చ రంగు చూపించలేనివాడు లోపలికి పోలేకపోయేవాడు. ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా, ఫోన్ చచ్చిపోయినందుకు బియ్యం కొనకుండా వెనక్కి వచ్చినవాళ్లున్నారు. ఈరోజుకీ జీతం పడిందని చెప్పేది ఫోనే. ఇంటికి డబ్బు పంపడానికి ఓటీపీ వచ్చేదీ, ప్రభుత్వ యాప్ మెట్రాష్‌లో కాగితాల పని జరిగేదీ అందులోనే. కొత్తగా వచ్చే పిల్లలు వినాలని, నాకు ఆలస్యంగా అర్థమైన సంగతులు రాస్తున్నాను.

1. పిన్ను దూరినంత మాత్రాన పొత్తు కుదిరినట్టు కాదు.

నేను వచ్చిన కొత్తలో ఈ బాధ ఇంకో రూపంలో ఉండేది. ఒక్క నోకియాకే లావు పిన్ను, సన్న పిన్ను అని రెండు రకాలు. సోనీ ఎరిక్సన్‌ది వేరు, మోటరోలాది వేరు. విసుగ్గా ఉండేది కానీ మోసం ఉండేది కాదు. దూరకపోతే అది మనది కాదు, అంతే. 2009లో యూరోపియన్ కమిషన్ పట్టుబట్టడంతో పెద్ద కంపెనీలు మైక్రో యూఎస్‌బీకి ఒప్పుకున్నాయి. ఆపిల్ మాత్రం ఐఫోన్‌కు తన పిన్నే ఉంచుకుంది. 2012లో లైట్నింగ్ తెచ్చింది, 2023లో ఐఫోన్ 15తో గానీ టైప్-సీకి రాలేదు. యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లకు టైప్-సీ చట్టమైంది. పొరుగున సౌదీ అరేబియా 2025 జనవరి 1 నుంచి అదే నియమం పెట్టింది.

ఇప్పుడు రంధ్రం అందరిదీ ఒకటే. తేడా అంతా కంటికి కనబడని చోటుకు పోయింది. చార్జర్ మొదట ఇచ్చేది 5 వోల్టులే. అంతకంటే ఎక్కువ కావాలంటే ఫోన్ అడగాలి, ఆ అడిగిన పద్ధతి చార్జర్‌కు తెలిసి ఉండాలి. పవర్ డెలివరీ అనే పద్ధతిలో 9, 15, 20 వోల్టుల మెట్లున్నాయి. క్వాల్‌కామ్ వాళ్ల క్విక్ చార్జ్‌ది వేరే పద్ధతి. ఒప్పో 2014లో తెచ్చిన వూక్ వోల్టులు పెంచకుండా ఆంపియర్లు పెంచుతుంది, దానికి సొంత చార్జరే కాదు, సొంత వైరు కూడా కావాలి. ఒకరి పద్ధతి ఇంకొకరికి తెలియకపోతే ఇద్దరూ మామూలు 5 వోల్టులకు దిగిపోతారు. చార్జింగ్ ఎక్కుతుంది, కానీ నత్తనడక.

ఒక కుర్రాడు ఊరి నుంచి తెచ్చుకున్న చార్జర్ పోగొట్టుకుని, ఇక్కడ 65 వాట్లది కొన్నాడు. ఫోన్ మాత్రం పాత వేగంలో పావు వంతు కూడా అందుకోలేదు. నేనే వాడి వెంట దుకాణానికి పోయి గట్టిగా మాట్లాడాను. ఆ చార్జర్ మంచిదేనని, ల్యాప్‌టాప్‌కు పెడితే 65 వాట్లూ ఇస్తుందని తర్వాత తెలిసింది. ఆ దుకాణదారుడు పెద్దవాడు, నా మాటలకు తిరిగి ఏమీ అనలేదు. క్షమాపణ చెప్పడానికి పోయేసరికి దుకాణం చేతులు మారింది.

చార్జర్ వెనుక అవుట్‌పుట్ అన్న వరుస చదవండి. 9 వోల్టులు, 2.22 ఆంపియర్లు అని ఉంటే గుణించండి, 20 వాట్లు. మీ ఫోన్‌తో వచ్చిన చార్జర్ మీద ఏ అంకెలున్నాయో, ఏ పద్ధతి పేరుందో ఫోటో తీసి పెట్టుకోండి, అది పోయినరోజు అక్కరకొస్తుంది. ఇంకో మాట: పెద్ద చార్జర్ పెడితే చిన్న ఫోన్ కాలిపోతుందని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాణ్యమైన చార్జర్ అయితే ఆ భయం అక్కర్లేదు. ఫోన్ ఎంత తీసుకోగలదో అంతే తీసుకుంటుంది.

2. చార్జర్‌ను తిట్టే ముందు వైరును అనుమానించండి.

క్యాంపు గదిలో మంచం మీద మంచం ఉంటుంది. సాకెట్ కింద గోడకు. పై మంచం దొరికినవాడు 3 మీటర్ల వైరు కొంటాడు, బకాలాలో, అంటే కిరాణా కొట్లో దొరికినది, చవకది. అందులో తీగలు వెంట్రుకల్లా ఉంటాయి.

లెక్క చెబుతాను, ఓపిగ్గా వినండి. 28 గేజీ రాగి తీగకు మీటరుకు 0.2 ఓమ్ పైచిలుకు నిరోధం ఉంటుంది. కరెంటు పోవాలి, తిరిగి రావాలి కనుక 3 మీటర్ల వైరంటే 6 మీటర్ల తీగ. ఒక్క ఆంపియర్ నడిచినా 5 వోల్టుల్లో 1.2 వోల్టుల పైన దారిలోనే పోతుంది. మిగిలినది బ్యాటరీకి చాలదు. ఫోన్ ఆ సంగతి కనిపెట్టి తీసుకోవడం తగ్గిస్తుంది. అదే పొడవుకు 24 గేజీ తీగ అయితే పోయేది సుమారు అర వోల్టు. గేజీ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. మంచి వైర్ల తొడుగు మీద 28, 24 అని రెండు అంకెలుంటాయి. రెండోది కరెంటు మోసే తీగలది. కొన్ని వైర్లలో సమాచారం పోయే తీగలే ఉండవు. అలాంటప్పుడు ఎదుట ఉన్నది గోడ చార్జరో కంప్యూటరో ఫోన్‌కు తెలియక తక్కువతో సరిపెట్టుకుంటుంది.

చెడ్డ వైరు చేసే నష్టం ఆలస్యంతో ఆగదు. గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ 2015 చివర్లో టైప్-సీ వైర్లను తన డబ్బుతో కొని ఒక్కొక్కటీ పరీక్షించడం మొదలుపెట్టాడు. పాత యూఎస్‌బీకి ఒక కొస, టైప్-సీకి ఇంకో కొస ఉన్న వైరులో 56 కిలో ఓమ్‌ల నిరోధకం ఉండాలి. అది సరిగా లేకపోతే ఫోన్ 3 ఆంపియర్లు అడుగుతుంది, అటువైపు ఉన్నదానికి అంత ఇచ్చే శక్తి ఉండకపోవచ్చు. తీగలే తారుమారుగా కలిపిన ఒక వైరు పెట్టినప్పుడు 2016లో ఆయన ల్యాప్‌టాప్ పాడైపోయింది. లోకానికి మేలు చేసిన పని అది. ఆయన వేతనంలో భాగం కాదు, ఎవరూ చేయమనలేదు.

3. పారేసే ముందు పాత వైరుతో ఒకసారి చూడండి.

ట్రిమ్మర్, చిన్న టార్చి, మెడలో వేసుకునే ఫ్యాన్. ఈ చవక సామాన్లకు ఇప్పుడు టైప్-సీ రంధ్రమే పెడుతున్నారు. రెండు కొసలా టైప్-సీ ఉన్న వైరుతో పెడితే కొన్నింటిలో లైటు కూడా వెలగదు. లోపల 5.1 కిలో ఓమ్‌ల నిరోధకాలు రెండు ఉండాలి. అవి లేకపోతే అటువైపు పరికరం ఉందని చార్జర్ గుర్తించదు, గుర్తించనిదే కరెంటు వదలదు. అదే వస్తువుకు పాత వెడల్పాటి యూఎస్‌బీ చార్జర్, పాత వైరు పెడితే శుభ్రంగా ఎక్కుతుంది. పేరున్న రాస్ప్‌బెర్రీ పై 4 కూడా 2019లో ఈ నిరోధకాల దగ్గరే పొరబడి, కొన్ని వైర్లతో పనిచేయలేదు. ఇది తెలియక ముందు ఎన్ని ట్రిమ్మర్లను పాడైపోయాయని చెత్తబుట్టలో వేయించానో. పిల్లలు కష్టపడి కొనుక్కున్నవి.

4. గోడతో మాయలు పనికిరావు.

ఖతర్‌లో సాకెట్ బ్రిటిష్ పద్ధతిది. బల్లపరుపు పిన్నులు మూడు, 240 వోల్టులు. మన ఊళ్లో 230. చార్జర్ మీద ఇన్‌పుట్ 100-240 అని ఉంటే వోల్టుల గురించి చింత లేదు. చింతంతా పిన్నుల గురించే. ఈ సాకెట్‌లో కింది రెండు రంధ్రాలకు లోపల మూతలుంటాయి. పైనున్న పొడవాటి ఎర్త్ పిన్ను లోపలికి పోతేనే అవి తెరుచుకుంటాయి. పిల్లలు వేలు పెట్టకుండా చేసిన ఏర్పాటు అది. మనవాళ్లు ఏం చేస్తారంటే, పై రంధ్రంలో పెన్ను మూత గుచ్చి, మూతలు తెరిచి, ఇండియా నుంచి తెచ్చిన గుండ్రటి రెండు పిన్నుల చార్జర్ తోస్తారు. అది పట్టు లేకుండా వదులుగా నిలుస్తుంది. వదులైన చోట నిప్పురవ్వ, ఆ తర్వాత వేడి, ఆ తర్వాత ప్లాస్టిక్ కరిగిన వాసన.

ఆ పెన్ను మూతలను నేను రోజూ చూశాను. చూసి, నాకు అప్పగించిన ఏసీ బాగుచేసి వచ్చేశాను. ఒక గదిలో సాకెట్ నల్లబడి, పక్కనున్న దుప్పటి అంచు కాలిన రోజున నిద్రలో ఉన్నవాడు లేచాడు కాబట్టి సరిపోయింది. అప్పటికే ఆ గదికి నేను వచ్చిపోయి ఉన్నాను. రెండు మూడు రియాళ్ల అడాప్టర్ సంగతి ఆనాడే నోరు తెరిచి చెప్పి ఉండాల్సింది.

ఎక్స్‌టెన్షన్ పెట్టెకు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించడం కూడా అలాంటిదే. ఎన్ని తగిలించినా మొదటి ప్లగ్గులోని ఫ్యూజు 13 ఆంపియర్లదే. చార్జర్లు ఎన్నున్నా ఆ పెట్టెకు బరువు కావు. అదే పెట్టెకు రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె కలిసిన రాత్రి ప్రమాదం.

5. చవక చార్జర్‌లో మిగిల్చింది మీ ప్రాణం మీద మిగిల్చినదే.

చార్జర్ లోపల ఒక పక్క 240 వోల్టులు, ఇంకో పక్క 5. ఆ రెంటి మధ్య ఉండాల్సిన ఎడమూ, తొడుగూ ఖర్చుతో కూడినవి. నకిలీ తయారుచేసేవాడు మొదట కోసేది అక్కడే. 2016లో యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ 400 నకిలీ ఆపిల్ అడాప్టర్లను పరీక్షిస్తే మూడు తప్ప మిగతావన్నీ తప్పాయి. వాటిలో 12 మనిషి ప్రాణం తీయగలిగినంత ప్రమాదకరమైనవి.

ఛుట్టీకి పోయేటప్పుడు చార్జర్లను డజన్ల లెక్కన కొని చుట్టాలకు పంచే అలవాటు మనది. నేనూ పంచాను. తెల్లటి పెట్టె, మెరిసే అక్షరాలు చూసి అందరూ సంతోషించారు. ఇప్పుడైతే నలుగురికి నాలుగు మంచివి ఇస్తాను, మిగతావాళ్లకు ఖర్జూరాలు ఇస్తాను.

6. ఎండ దెబ్బ బ్యాటరీకీ తగులుతుంది.

లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. దోహా వేసవిలో నీడలోనే అంత ఉంటుంది, ఎండలో నిలబెట్టిన పికప్ డాష్‌బోర్డు మీద ఎంతుంటుందో ఊహించండి. అక్కడ ఫోన్ చార్జింగ్ ఆపేస్తే చార్జర్ తప్పు కాదు, ఫోన్ తనను తాను కాపాడుకుంటోంది. నీడకు తెచ్చి చల్లబడనివ్వండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చార్జింగ్ వేళ వేడెక్కే లోపంతో నోకియా బీఎల్-5సీ బ్యాటరీలు 4 కోట్ల 60 లక్షలను 2007లో మార్చి ఇస్తామన్నారు. 2016లో గెలాక్సీ నోట్ 7నే వెనక్కి తీసుకున్నారు. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను వాడవద్దు.

7. పవర్ బ్యాంకు అట్టపెట్టెలో పోదు, చేతి సంచిలోనే పోతుంది.

దోహా హమద్ విమానాశ్రయంలో తాళ్లతో బిగించి, పేరూ ఊరూ రాసిన అట్టపెట్టెను కౌంటర్ దగ్గర మళ్లీ విప్పించుకోవడం కంటే కష్టం లేదు. నియమం తేలికే. పెట్టె మీది ఎంఏహెచ్ అంకెను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 అయితే 74 వాట్ అవర్లు. 100 లోపు అయితే చేతి సంచిలో తీసుకుపోవచ్చు. 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును పట్టుకుపోకండి, అది ఎంతదో మీరు నిరూపించలేరు.

8. మంచి చార్జర్ ఒకటి గదికంతా చాలు, వంతులు తెలిస్తే.

గదిలో అందరూ తలా కొంత వేసుకుని 100 వాట్ల నాలుగు పోర్టుల చార్జర్ కొనడం ఇప్పుడు చూస్తున్నాను. చాలా మంచి పని. అయితే ఆ 100 ఒక్కో పోర్టుకు కాదు, మొత్తానికి. ఒక్కటే పెడితే అంతా దానికే పోతుంది. రెండోది తగిలించగానే చార్జర్ క్షణంపాటు ఆపి వాటాలు మళ్లీ వేస్తుంది. అది చూసి పాడైందనుకోకండి. నాలుగూ నిండితే అందరికీ నెమ్మదిస్తుంది. ఏ పోర్టుకు ఎంతో పెట్టె మీద రాసి ఉంటుంది, ఆ అట్ట ముక్క కత్తిరించి గోడకు అంటించండి.

మా క్యాంపులో ఒక గదివాళ్లు పెట్టుకున్న పద్ధతి నాకు బాగా నచ్చింది, తర్వాత నేను పోయిన ప్రతి గదిలోనూ చెప్పాను. రాత్రి డ్యూటీవాళ్లు మధ్యాహ్నమే చార్జింగ్ పెట్టుకోవాలి. మన ఊరు దోహా కంటే రెండున్నర గంటలు ముందుంటుంది, ఇక్కడ సాయంత్రం 6:30 అంటే అక్కడ రాత్రి 9. అందుకని డ్యూటీ బస్సు దిగినప్పటి నుంచి ఏడు దాకా, అన్నిటికంటే వేగంగా ఎక్కే పోర్టు ఇంట్లో పసిపిల్లలున్న తండ్రులదే.